కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోయిన బిల్డ్‌ను కదిలించడం ఎలా: లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటికీ

టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో సీ కంపైలర్ పాడైపోయిందంట. ఓఎస్ మళ్లీ వేసేయనా?" అని. స్క్రీన్ మీద "సీ కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్" అని పడిందట. కంపైలర్‌కి ఏమీ కాలేదు. వారం కింద ఏదో వీడియో చూసి బ్యాష్ఆర్‌సీ ఫైల్లో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచేది) ఎల్‌డీఫ్లాగ్స్ అంటూ ఒక లైన్ పెట్టుకున్నాడు. కంపైలైన ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్ చేసే లింకర్‌కి ఇచ్చే ఆప్షన్లవి. ఆ లైన్‌లో ఉన్న లైబ్రరీని తర్వాత తీసేశాడు గానీ లైన్‌ని మర్చిపోయాడు. కంపైలర్ ఏ ప్రోగ్రామ్ లింక్ చేయబోయినా ఆ లేని లైబ్రరీ కోసం వెతికి చేతులెత్తేస్తోంది. లైన్ తీసేశాం, బిల్డ్ నడిచింది. ఓఎస్ బతికిపోయింది.

ఇలాంటి ఫోన్లు చాలా వచ్చాక రాస్తున్నదిది. కమాండ్లు, ఫైల్ పేర్లు పలికినట్టే తెలుగులో ఇచ్చాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

## స్క్రిప్ట్ అసలు ఏం చేస్తుంది

బిల్డ్‌కి ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్ట్ పని మీ మెషీన్‌ని ప్రశ్నలు అడగడం. ఫలానా హెడర్ ఉందా? ఫలానా ఫంక్షన్ ఉందా? పాయింటర్ ఎన్ని బైట్లు? ప్రతి ప్రశ్నకూ ఓ ఐదారు లైన్ల సీ ప్రోగ్రామ్ రాసుకుని, దాన్ని కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ అయితే "ఎస్", కాకపోతే "నో". ఎందుకు కాలేదన్నది దానికి పట్టదు. హెడర్ లేక కాలేదా, మీ ఫ్లాగుల్లో అక్షరదోషం వల్ల కాలేదా, రెండూ దానికి ఒకటే.

ఈ కాన్ఫిగర్ స్క్రిప్టులను తయారుచేసే ఆటోకాన్ఫ్ అనే టూల్‌ని డేవిడ్ మెకెంజీ 1991లో మొదలుపెట్టినప్పటి నుంచీ పద్ధతి ఇదే. 2000లో కిట్‌వేర్ సంస్థ ఇన్‌సైట్ టూల్‌కిట్ అనే మెడికల్ ఇమేజింగ్ ప్రాజెక్టు కోసం ఇదే పని చేసే సీమేక్ అనే టూల్ తయారుచేసింది. విండోస్‌లో కూడా పనిచేయాలన్నది దాని పట్టుదల. పైకి వేషం మారినా లోపల అదే చిన్న ప్రోగ్రాముల ఆట. కాబట్టి ఏ టూల్ అయినా మనం వెతకాల్సింది ఒక్కటే: ఏ ప్రశ్నకు తప్పు జవాబు వచ్చింది, ఆ జవాబు ఎందుకు వచ్చింది.

## 1. పాత చెత్త ఊడ్చేసి, మళ్లీ ఫెయిల్ చేయండి

నిన్నటి జవాబులు దాచుకుని ఇవాళ వాడటం ఈ టూల్స్‌కి అలవాటు. సీమేక్ అయితే సీమేక్‌క్యాష్.టీఎక్స్‌టీ అనే ఫైల్లో దాస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. ‘ఫైండ్_లైబ్రరీ’తో వెతికి దొరకని లైబ్రరీ ఉంటే, తర్వాతిసారి మళ్లీ వెతుకుతుంది. కానీ ‘చెక్_ఫంక్షన్_ఎగ్జిస్ట్స్’ లాంటి పరీక్ష ఒకసారి "లేదు" అందంటే అదే దాచుకుని కూర్చుంటుంది, మళ్లీ అడగదు. మీరు మధ్యలో ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినా దానికి తెలియదు. "ఇన్‌స్టాల్ చేశాను కదా, ఇంకా లేదంటుందేంటి" అనే విసుగులో సగం ఇక్కడిదే.

సీమేక్ 3.24 లేదా ఆ తర్వాతిదైతే ‘సీమేక్ --ఫ్రెష్ -బి బిల్డ్’ చాలు (ఇక్కడ బి పెద్దక్షరం). పాతదైతే బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేయండి. కంపైలర్ మార్చినా, టూల్‌చెయిన్ ఫైల్ (ఏ కంపైలర్, ఏ టూల్స్ వాడాలో సీమేక్‌కి చెప్పేది) మార్చినా ఫోల్డర్ తీసేయడమే మంచిది. ఉన్న క్యాష్ మీద కంపైలర్ మారిస్తే అర్థంకాని చోట తేలుతుంది.

సోర్స్ ఫోల్డర్లోనే బిల్డ్ చేసి అంతా కలిపేశారా? ముందు ‘గిట్ క్లీన్ -ఎక్స్‌డీఎన్’ కొట్టి ఏవేం పోతాయో చూడండి. చివరి ఎన్ అంటే ఉత్తుత్తి పరుగు. జాబితా చూసి, పోకూడనివేవీ లేవని నిర్ధారించుకున్నాకే ఎన్ బదులు ఎఫ్ పెట్టండి. నా పాస్‌వర్డ్‌ల కాన్ఫిగ్ ఫైల్ ఒకటి ఇలాగే గాల్లో కలిసింది.

పనిలో పనిగా సీసీ, సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్, సీపాత్, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఏముందో ‘ఎన్వ్’ కమాండ్‌తో చూసుకోండి. పైథాన్ కోసం కొండా వాడేవాళ్లు అది ఆన్‌లో ఉందేమో చూడండి. పాత్‌లో (కమాండ్లు వెతికే ఫోల్డర్ల వరుసలో) అదే ముందుంటే దాని పీకేజీ-కాన్ఫిగ్ (లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే టూల్), దాని లైబ్రరీలే ముందు దొరుకుతాయి. ఒక కొత్త టెర్మినల్ తెరిచి, ‘కొండా డీయాక్టివేట్’ కొట్టి మళ్లీ ప్రయత్నించండి.

## 2. స్క్రీన్ వదిలేసి లాగ్ తెరవండి

స్క్రీన్ మీద కనిపించే ఎర్రర్ లైన్ తీర్పు మాత్రమే. సాక్ష్యమంతా లాగ్‌లో ఉంటుంది.

ఆటోటూల్స్ (ఆటోకాన్ఫ్, ఆటోమేక్ కుటుంబం) ప్రాజెక్టులో ఆ ఫైలు కాన్ఫిగ్.లాగ్. కొత్తవాళ్లు ‘టెయిల్’ కొట్టి చివరి ఇరవై లైన్లు చూసి "ఇందులో ఏమీ లేదన్నా" అంటారు. నిజమే, అక్కడ ఉండదు. స్క్రిప్ట్ చచ్చిపోతూ తన వేరియబుల్స్ అన్నిటినీ ఫైల్ చివర్లో కుమ్మరిస్తుంది. "క్యాష్ వేరియబుల్స్", తర్వాత "అవుట్‌పుట్ వేరియబుల్స్", ఆపైన కాన్ఫ్‌డెఫ్స్. మొత్తం కలిపి వందల లైన్లు. మీరు ఎడిటర్లో "క్యాష్ వేరియబుల్స్" అనే శీర్షిక వెతికి, అక్కడి నుంచి పైకి రండి. దాదాపు ఎప్పుడూ ఇలాంటి వరుస కనిపిస్తుంది:

- ‘కాన్ఫిగర్:3912: చెకింగ్ వెదర్ ద సీ కంపైలర్ వర్క్స్’ (అడిగిన ప్రశ్న, 3912 అంటే కాన్ఫిగర్ ఫైల్లో లైన్ నంబర్)
- దాని కింద స్క్రిప్ట్ నడిపిన అసలు కమాండ్, అన్ని ఫ్లాగులతో సహా
- కంపైలర్ లేదా లింకర్ తిట్టిన తిట్టు
- "ఫెయిల్డ్ ప్రోగ్రామ్ వాజ్" అని, కింద నిలువు గీతలతో మొదలయ్యే సీ కోడ్

మూడోదే అసలు ఎర్రర్. మా తమ్ముడి కేసులో అక్కడ లింకర్ ఫలానా లైబ్రరీ కనబడలేదని స్పష్టంగా చెప్పింది. "సీఆర్‌టీ1.ఓ దొరకలేదు" అని ఉంటే కంపైలర్ ఉంది గానీ సీ లైబ్రరీ డెవలప్‌మెంట్ ఫైళ్లు లేవని అర్థం. ఉబుంటులో ‘బిల్డ్-ఎసెన్షియల్’ వేస్తే వస్తాయి. మ్యాక్‌లో "ఇన్‌వ్యాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్" అని ఉంటే ఓఎస్ అప్‌గ్రేడ్ తర్వాత కమాండ్ లైన్ టూల్స్ పోయాయన్నమాట, ‘ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్’ కొట్టాలి. స్క్రీన్ మీద మాత్రం ఈ మూడింటికీ ఒకటే వాక్యం.

సీమేక్‌లో లాగ్ ఎక్కడుందన్నది వెర్షన్‌ని బట్టి మారుతుంది. 3.26 నుంచి సీమేక్‌ఫైల్స్ ఫోల్డర్లో సీమేక్‌కాన్ఫిగర్‌లాగ్.యామల్ అనే ఒకే ఫైలు. అంతకుముందు సీమేక్‌ఎర్రర్.లాగ్, సీమేక్‌అవుట్‌పుట్.లాగ్ అని రెండుండేవి. పాత సమాధానాలు చదివి ఎర్రర్.లాగ్ కోసం వెతికి, అది లేకపోయేసరికి కంగారు పడకండి.

బిల్డ్ దశలో ఫెయిలైతే ‘మేక్ వి=1’ (వి పెద్దది), సీమేక్‌లో ‘సీమేక్ --బిల్డ్ బిల్డ్ --వెర్బోస్’. అసలు కమాండ్ కనపడకుండా ఊహించుకుంటూ కూర్చోవడం టైమ్ వేస్ట్.

## 3. ఆ చిన్న ప్రోగ్రామ్‌ని మీ చేత్తో నడపండి

లాగ్‌లో నిలువు గీతల పక్కనున్న కోడ్‌ను ఒక ఫైల్లోకి కాపీ చేసి, గీతలు తీసేసి, పైన ఉన్న కమాండ్‌నే టెర్మినల్లో కొట్టండి. అదే ఎర్రర్ వచ్చిందా? మంచిది. ఇప్పుడు మీ ముందున్నది ఇరవై వేల లైన్ల షెల్ స్క్రిప్ట్ కాదు, పది లైన్ల సీ ఫైలు. ఒక్కో ఫ్లాగ్ తీసేస్తూ చూడండి, ఏది తీస్తే పాస్ అవుతుందో దొంగ అదే.

అదే ఎర్రర్ రాకపోతే ఇంకా మంచిది. స్క్రిప్ట్‌కి ఉన్న వాతావరణం, మీ టెర్మినల్ వాతావరణం వేరని తేలిపోయింది. ‘ఎస్‌హెచ్ -ఎక్స్ ./కాన్ఫిగర్’ అని నడిపి అవుట్‌పుట్ ఫైల్లోకి మళ్లించుకుంటే స్క్రిప్ట్ ప్రతి అడుగూ కనిపిస్తుంది. సీమేక్‌లో దీనికి సమానం ‘--ట్రేస్-ఎక్స్‌పాండ్’. వేల లైన్లు వస్తాయి, కాబట్టి ‘--ట్రేస్-సోర్స్’తో ఒక్క ఫైల్‌కి పరిమితం చేసుకోండి.

## 4. "నో" అందని నమ్మేయొద్దు

ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. ఎందుకంటే ఇక్కడ బిల్డ్ ఫెయిల్ కాదు. ఒక ఫీచర్ మాత్రం చప్పుడు లేకుండా మాయమవుతుంది.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కంప్రెషన్ టూల్‌లో బయటపడిన బ్యాక్‌డోర్ (దొంగదారి) గుర్తుండే ఉంటుంది. 5.6.0, 5.6.1 వెర్షన్లు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వితే బయటికొచ్చింది. దాడిని మొదలుపెట్టే కోడ్ రిలీజ్ టార్‌బాల్‌లోని (విడుదల చేసిన సోర్స్ మూటలోని) ఒక ఎం4 ఫైల్లో (కాన్ఫిగర్‌ని తయారుచేసే మాక్రోల ఫైలు) ఉంది, గిట్‌లో లేదు. అంటే కాన్ఫిగర్ స్క్రిప్ట్ తయారయ్యే దారిలోనే దూరారు. దీనిమీద అందరూ మాట్లాడారు. నాకు మాత్రం అంతకన్నా ఒళ్లు జలదరించింది ఇంకో చిన్న విషయానికి. అదే ప్రాజెక్టు సీమేక్‌లిస్ట్స్ ఫైల్లో ల్యాండ్‌లాక్ అనే లినక్స్ శాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్ హద్దు దాటకుండా కట్టేసే రక్షణ) ఉందా అని చూసే పరీక్ష ఒకటుంది. ఆ పరీక్ష ప్రోగ్రామ్‌లో, ఇన్‌క్లూడ్ లైన్లకీ ఫంక్షన్‌కీ మధ్య, ఎవరి కంటికీ ఆనకుండా ఒక చుక్క పెట్టారు. ఒకే ఒక్క ఫుల్‌స్టాప్. దాంతో ఆ ప్రోగ్రామ్ ఏ మెషీన్‌లోనూ కంపైల్ కాదు. స్క్రిప్ట్ "ల్యాండ్‌లాక్ లేదు" అనుకుని శాండ్‌బాక్స్ లేకుండానే హాయిగా ముందుకెళ్లిపోతుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

కుట్ర లేకుండా కూడా ఇదే జరుగుతుంది. సీ కంపైలర్లలో 2024 మేలో వచ్చిన జీసీసీ 14, అంతకుముందే క్లాంగ్ 16, డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలవడాన్ని వార్నింగ్ నుంచి ఎర్రర్‌గా మార్చేశాయి. పాతకాలపు పరీక్షల్లో ‘ఇంట్’ లేకుండా ఉత్త ‘మెయిన్’ అని రాయడం, హెడర్ పెట్టకుండా ‘ఎగ్జిట్’ పిలవడం మామూలే. నిన్నటిదాకా పాసైన పరీక్ష కొత్త కంపైలర్‌తో "నో" అంటుంది. ఫంక్షన్ అక్కడే ఉంది, అడిగిన ప్రశ్నే చెడిపోయింది.

పట్టుకోవడం తేలికే. పనిచేసే మెషీన్‌లో ఒకటి, పనిచేయని మెషీన్‌లో ఒకటి కాన్ఫిగ్.హెచ్ ఫైళ్లు (కాన్ఫిగర్ తన జవాబులన్నీ రాసేవి) తీసుకుని ‘డిఫ్’ కొట్టండి. తేడా వచ్చిన ప్రతి లైన్‌కీ లాగ్‌లోకి వెళ్లి కారణం చూడండి. కంపైలర్ అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ నేను చేసే పని ఇదే. తాత్కాలికంగా గట్టెక్కాలంటే జీసీసీ 14లో సీఫ్లాగ్స్‌కి ‘-ఎఫ్‌పర్మిసివ్’ చేర్చొచ్చు. అసలు మందు మాత్రం పరీక్షలో సరైన హెడర్, సరైన ‘ఇంట్ మెయిన్’ రాయడమే.

## 5. లైబ్రరీ ఉంది, కానీ దొరకట్లేదంటుంది

ముందు చూడాల్సింది డెవలప్‌మెంట్ ప్యాకేజీ. లైబ్రరీ నడవడానికి కావాల్సినది వేరు, దానితో బిల్డ్ చేయడానికి కావాల్సిన హెడర్లు వేరు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ తీసుకుంటే డెబియన్, ఉబుంటుల్లో ‘లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్’, ఫెడోరాలో ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవెల్’, ఆల్పైన్‌లో ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవ్’. పేర్లు ఎవరిష్టం వారిది.

తర్వాత పీకేజీ-కాన్ఫిగ్. ‘పీకేజీ-కాన్ఫిగ్ --సీఫ్లాగ్స్ --లిబ్స్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్’ అని నేరుగా అడిగి చూడండి. ఎక్కడెక్కడ వెతుకుతోందో ‘పీకేజీ-కాన్ఫిగ్ --వేరియబుల్ పీసీ_పాత్ పీకేజీ-కాన్ఫిగ్’ చెబుతుంది. డెబియన్ కుటుంబంలో ఆ ఫైళ్లు లిబ్ కింద ఎక్స్86_64-లినక్స్-గ్నూ లాంటి ఫోల్డర్లో ఉంటాయి, ఫెడోరాలో లిబ్64లో. సొంతంగా బిల్డ్ చేసి హోమ్ ఫోల్డర్లో పెట్టుకున్న లైబ్రరీ ఫెడోరాలో లిబ్64లోకి వెళ్లి కూర్చుంటే, మీరు పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌లో లిబ్ అని ఇచ్చుంటే, రెండూ కలవవు.

సీమేక్‌లో ‘ఫైండ్_ప్యాకేజ్’ రెండు రకాలుగా వెతుకుతుంది: సీమేక్ దగ్గరున్న ఫైండ్ మాడ్యూల్‌తో ఒకటి, లైబ్రరీ తనతో తెచ్చుకున్న కాన్ఫిగ్ ఫైలుతో ఇంకోటి. ఎర్రర్‌లో "ప్యాకేజ్ కాన్ఫిగరేషన్ ఫైల్" అనే మాట ఉంటే రెండోది దొరకలేదని అర్థం. ‘--డీబగ్-ఫైండ్’ (3.17 నుంచి ఉంది) పెట్టి నడిపితే వెతికిన ప్రతి ఫోల్డర్ పేరూ చెబుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు సీమేక్_ప్రిఫిక్స్_పాత్‌కి లిబ్ ఫోల్డర్ ఇవ్వడం. ఇవ్వాల్సింది దానిపై ఫోల్డర్, అంటే లిబ్, ఇన్‌క్లూడ్ రెండూ ఉన్న చోటు. ఒకటికన్నా ఎక్కువ ఇస్తే -డి తో ఇచ్చేటప్పుడు మధ్యలో సెమికోలన్. షెల్ దాన్ని మింగేయకుండా కోట్స్‌లో పెట్టాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇస్తే లినక్స్, మ్యాక్‌లలో కోలన్. ఈ తేడా నాకు ఇప్పటికీ చికాకే.

## 6. స్క్రిప్ట్ మొదలే కాకపోతే

ఇక్కడ లాగ్ కూడా ఉండదు, కాబట్టి లక్షణాన్ని బట్టి వెళ్లాలి.

"బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అనో, బ్యాక్‌స్లాష్-ఆర్ కమాండ్ దొరకలేదనో వస్తే విండోస్ లైన్ ఎండింగులు దూరాయి. ‘ఫైల్ కాన్ఫిగర్’ కొడితే సీఆర్‌ఎల్‌ఎఫ్ (విండోస్ లైన్ ఎండింగ్ పేరు) అని చెబుతుంది. ఆ ఒక్క ఫైల్‌ని మార్చి వదిలేస్తే రేపు మళ్లీ వస్తుంది. .గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో కాన్ఫిగర్‌కీ, షెల్ స్క్రిప్టులన్నిటికీ ‘టెక్స్ట్ ఈఓఎల్=ఎల్ఎఫ్’ పెట్టి, ‘గిట్ యాడ్ --రీనార్మలైజ్ .’ కొట్టి కమిట్ చేయండి.

"పర్మిషన్ డినైడ్" వస్తే విండోస్ నుంచి కమిట్ చేసినవాళ్ల దగ్గర ఎగ్జిక్యూట్ బిట్ పోయింది. ‘గిట్ అప్‌డేట్-ఇండెక్స్ --సీహెచ్‌మోడ్=+ఎక్స్ కాన్ఫిగర్’ విండోస్‌లో కూర్చునే చేయొచ్చు.

"అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్" వస్తే స్క్రిప్ట్ పైన ‘/బిన్/ఎస్‌హెచ్’ అని రాసి లోపల బ్యాష్ రాశారు. ఉబుంటులో 2006 నుంచీ ‘/బిన్/ఎస్‌హెచ్’ అంటే డ్యాష్ అనే చిన్న షెల్, బ్యాష్ కాదు. రెండు సమానం గుర్తులు, జంట చదరపు బ్రాకెట్లు డ్యాష్‌కి తెలియవు. ఫెడోరాలో ఎస్‌హెచ్ అంటే బ్యాషే కాబట్టి రాసినవాళ్లకి ఎప్పుడూ ఎర్రర్ రాదు, "నా దగ్గర పనిచేస్తోందే" అంటారు. షెల్‌చెక్ అనే టూల్ వీటిని ముందే పట్టేస్తుంది.

మ్యాక్ గొడవ వేరు. ఆపిల్ జీపీఎల్3 లైసెన్స్ జోలికి వెళ్లదు కాబట్టి మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇంకా 3.2 దగ్గరే ఉంది. అసోసియేటివ్ అర్రేలు, మ్యాప్‌ఫైల్ అందులో లేవు. ‘సెడ్ -ఐ’ బీఎస్‌డీ పద్ధతిలో తర్వాతి మాటని బ్యాకప్ పేరనుకుని తికమకపడుతుంది. ‘సెడ్ -ఐ.బ్యాక్’ అని అతికించి రాస్తే రెండు చోట్లా నడుస్తుంది. ప్రాసెసర్ కోర్లు ఎన్నో చెప్పే ‘ఎన్‌ప్రాక్’ లేకపోతే ‘గెట్‌కాన్ఫ్ _ఎన్‌ప్రాసెసర్స్_ఆన్‌లైన్’ (చివరి పదంలో అక్షరాలన్నీ పెద్దవి, చివర్న ఓఎన్ఎల్ఎన్ మాత్రమే). ఆటోటూల్స్‌లోని లిబ్‌టూలైజ్ కమాండ్, హోమ్‌బ్రూలో (మ్యాక్‌లో ప్యాకేజీలు వేసే టూల్) జీలిబ్‌టూలైజ్ పేరుతో ఉంటుంది.

## 7. కాన్ఫిగర్‌ని తయారుచేసే దశలో

కాన్ఫిగర్ ఫైలు మనుషులు రాసేది కాదు, కాన్ఫిగర్.ఏసీ నుంచి ఎం4 మాక్రోలు విప్పగా వచ్చేది. ఒక మాక్రో నిర్వచనం దొరక్కపోతే ఎం4 దాన్ని ఉన్నదున్నట్టే వదిలేస్తుంది. అప్పుడు షెల్‌కి "పీకేజీ_చెక్_మాడ్యూల్స్" అనే మాట ఎదురై, సింటాక్స్ ఎర్రర్ అంటుంది. చూసినవాళ్లు స్క్రిప్ట్‌లో కామా తప్పుందేమో అని ఆ లైన్‌ని దిద్దడం మొదలుపెడతారు. దిద్దాల్సిందేమీ లేదు. పీకేజీ-కాన్ఫిగ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి ‘ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ’ కొట్టండి. ఎర్రర్‌లో మాక్రో పేరు పెద్దక్షరాల్లో అలాగే కనిపిస్తోందంటే రోగం ఇదే.

"ఏసీలోకల్-1.15 ఈజ్ మిస్సింగ్" అనేది టైమ్‌స్టాంప్ల గొడవ. గిట్ ఫైళ్ల తేదీలు దాచుకోదు. క్లోన్ చేసినప్పుడు కాన్ఫిగర్.ఏసీ తేదీ కాన్ఫిగర్ కన్నా కొత్తగా పడితే, మేక్ దాన్ని మళ్లీ తయారుచేయబోయి, రచయిత మెషీన్‌లో ఉన్న అదే ఆటోమేక్ వెర్షన్ అడుగుతుంది. దానికీ ‘ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ’నే మందు.

"మెషీన్ నాట్ రికగ్నైజ్డ్" అంటే కాన్ఫిగ్.సబ్, కాన్ఫిగ్.గెస్ ఫైళ్లు పాతవి. 2020 చివర్లో ఎం1 మ్యాక్‌లు వచ్చినప్పుడు ఇది వరదలా వచ్చింది. గ్నూ కాన్ఫిగ్ ప్రాజెక్టు నుంచి ఆ రెండు ఫైళ్లూ కొత్తవి తెచ్చి పెడితే సరిపోతుంది.

## 8. విండోస్: ముందు ఏ తలుపులో ఉన్నారో చూసుకోండి

విండోస్‌లో ఒకే మెషీన్‌లో నాలుగు లోకాలుంటాయి: విజువల్ స్టూడియో డెవలపర్ ప్రాంప్ట్, గిట్ బ్యాష్, ఎంసిస్2 (విండోస్ మీద యూనిక్స్ టూల్స్), డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్). సగం సమస్యలు ఒక లోకం టూల్ ఇంకో లోకంలోకి రావడం వల్లే.

ఒకటి చూపిస్తాను. గిట్ బ్యాష్‌లో విజువల్ స్టూడియో కంపైలర్‌తో బిల్డ్ చేస్తుంటే లింక్ దగ్గర "లింక్: ఎక్స్‌ట్రా ఆపరాండ్" అని వస్తుంది. లింకర్ అలా ఎప్పుడూ మాట్లాడదు. అది గిట్‌తో వచ్చిన యూనిక్స్ ‘లింక్’ కమాండ్, ఫైల్‌కి ఇంకో పేరు పెట్టేది. పేరు కలవడంతో పాత్‌లో ముందున్న అదే వచ్చేసింది. ‘వేర్ లింక్’ అని అదే విండోలో కొడితే రెండూ వరుసగా కనిపిస్తాయి. డెవలపర్ ప్రాంప్ట్‌లో చేయండి, లేదా పాత్ వరుస మార్చండి.

గిట్ బ్యాష్‌లో స్లాష్‌తో మొదలయ్యే ఆప్షన్లను అది ఫోల్డర్ అనుకుని విండోస్ పాత్‌గా మార్చేస్తుంది. ‘ఎంసిస్_నో_పాత్‌కన్వ్=1’ పెడితే ఆ ఉపకారం ఆపుతుంది. ఎంసిస్2లో అయితే ముందు ‘ఎకో $ఎంసిస్టమ్’ కొట్టండి. యూసీఆర్‌టీ64 అని రావాల్సిన చోట ఎంసిస్ అని వస్తే తప్పు ఐకాన్ మీద నొక్కారు. డబ్ల్యూఎస్ఎల్‌లో విండోస్ పాత్ కూడా కలిసి వస్తుంది కాబట్టి లినక్స్ సీమేక్‌కి ‘/ఎంఎన్‌టీ/సీ’ కింద విండోస్ లైబ్రరీ దొరికిన సందర్భాలున్నాయి.

ఫోల్డర్ పేర్లలో ఖాళీలు పెట్టకండి. ఆటోమేక్ అయితే "అన్‌సేఫ్ ఎస్ఆర్‌సీడిర్ వాల్యూ" అని మొహం మీదే చెబుతుంది, మిగతావి చెప్పవు. సీ డ్రైవ్ కింద నేరుగా చిన్న పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటే 260 అక్షరాల పాత్ పరిమితి బాధ కూడా తప్పుతుంది.

విజువల్ స్టూడియో జనరేటర్ వాడితే సీమేక్_బిల్డ్_టైప్ ఇచ్చినా పట్టించుకోదు. ‘--కాన్ఫిగ్ రిలీజ్’ అని బిల్డ్ చేసేటప్పుడు ఇవ్వాలి.

## 9. మ్యాక్‌లో వెర్షన్ ఫైల్ కథ

లినక్స్‌లో నున్నగా నడిచే సీ++ ప్రాజెక్టు, మ్యాక్‌లో కంపైల్ అవుతూ "./వెర్షన్:1:1: ఎర్రర్" అంది. ఆ ఫైల్లో ఉన్నది "2.4.1" అనే మూడంకెలు. దాన్ని కంపైలర్ ఎందుకు చదువుతోంది? పూటంతా పోయింది. సీ++20లో ‘వెర్షన్’ అని చిన్నక్షరాల స్టాండర్డ్ హెడర్ వచ్చింది. ప్రాజెక్టు రూట్‌లో పెద్దక్షరాలతో వెర్షన్ అనే ఫైలుంది. మ్యాక్ డిస్క్ మామూలుగా చిన్నక్షరం, పెద్దక్షరం తేడా చూడదు. బిల్డ్ ఫ్లాగుల్లో ‘-ఐ.’ అని ఉంది, అంటే హెడర్లని ముందు ఈ ఫోల్డర్లో వెతుకు అని. ఇంకేముంది, స్టాండర్డ్ హెడర్ అడిగితే మా వెర్షన్ నంబర్ ఇచ్చింది. ఫైల్‌కి వెనక .టీఎక్స్‌టీ తగిలించాం, అంతే.

ఇదే తిరగేసి లినక్స్‌లో వస్తుంది: ఇన్‌క్లూడ్‌లో ఒక అక్షరం పెద్దది రాసినా మ్యాక్, విండోస్ ఊరుకుంటాయి, లినక్స్ ఊరుకోదు.

ఇంకొకటి, హోమ్‌బ్రూ ఆపిల్ చిప్ మ్యాక్‌లలో ‘/ఆప్ట్/హోమ్‌బ్రూ’లో ఉంటుంది, ఇంటెల్ మ్యాక్‌లలో ‘/యూఎస్ఆర్/లోకల్’లో. స్క్రిప్ట్‌లో పాత చిరునామా గట్టిగా రాసేసి ఉంటే ‘బ్రూ --ప్రిఫిక్స్’ జవాబుతో మార్చండి.

## 10. సీమేక్ ఫైల్లోనే ఉన్న తప్పులు

‘ఇఫ్(యూనిక్స్)’ మ్యాక్‌లో కూడా నిజమే అవుతుంది. దాని తర్వాత ‘ఎల్స్‌ఇఫ్(ఆపిల్)’ రాస్తే అది ఎప్పటికీ రాదు, ఆపిల్‌ని ముందు అడగాలి. ‘విన్32’ 64 బిట్ విండోస్‌లోనూ నిజమే, పేరు చూసి మోసపోవద్దు.

2025 మార్చిలో వచ్చిన సీమేక్ 4.0, 3.5 కన్నా పాత సీమేక్‌తో సర్దుకుపోవడం మానేసింది. పాత ప్రాజెక్టు సీమేక్_మినిమం_రిక్వైర్డ్‌లో 2.8 అని ఉంటే మొదటి లైన్‌లోనే ఆగుతుంది. ప్రాజెక్టు మీది కాకపోతే ‘-డి సీమేక్_పాలసీ_వెర్షన్_మినిమం=3.5’ ఇచ్చి దాటేయండి. మీదైతే ‘3.10...3.31’ అని రేంజ్ రాయండి.

## 11. ఇంకో చిప్ కోసం ఇక్కడ బిల్డ్ చేస్తుంటే

క్రాస్ కంపైల్‌లో పరీక్ష ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది గానీ ఇక్కడ నడవదు. ఆటోకాన్ఫ్ అప్పుడు అనుమానంతో "నో" అనేస్తుంది. "ఆర్‌పీఎల్_మాలాక్" అనే పేరుతో లింక్ ఎర్రర్ వచ్చిందా? మీ చిప్‌లో మాలాక్ (మెమరీ అడిగే సీ ఫంక్షన్) సరిగా లేదేమో అని స్క్రిప్ట్ ఊహించి, మాలాక్ పేరు మార్చేసింది. జవాబు మీరే ముందుగా చెప్పేయండి: ‘ఏసీ_సీవీ_ఫంక్_మాలాక్_0_నాన్‌నల్=ఎస్’ అని కాన్ఫిగర్‌కి ఇస్తే నమ్ముతుంది. ‘--హోస్ట్’ ఇవ్వడం మర్చిపోవద్దు. పీకేజీ-కాన్ఫిగ్ ఇక్కడి మెషీన్ లైబ్రరీలు చూపించకుండా పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్‌ని అవతలి చిప్ ఫోల్డర్‌కి తిప్పండి.

## 12. ఇంకా తెగకపోతే

నిన్న పనిచేసి ఇవాళ పనిచేయకపోతే ఏ కమిట్‌తో చెడిందో వెతికిపెట్టే ‘గిట్ బైసెక్ట్ రన్’ పెట్టి టీ తాగి రండి. పరీక్షించడానికి వీల్లేని కమిట్ వస్తే మీ స్క్రిప్ట్ 125 కోడ్‌తో బయటికి రావాలి, బైసెక్ట్ దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. ఎప్పుడూ పనిచేయకపోతే డాకర్‌లో ఉత్త ఉబుంటు, ఉత్త ఫెడోరా, ఉత్త ఆల్పైన్ తెరిచి అదే చేయండి. ఆల్పైన్‌లో సీ లైబ్రరీగా గ్లిబ్‌సీ (గ్నూ వారిది) బదులు మసల్ ఉంటుంది కాబట్టి గ్నూ అలవాట్లన్నీ అక్కడ బయటపడతాయి.

ఎవరినైనా అడగాల్సి వస్తే స్క్రీన్ ఫోటో పంపకండి, అందులో తీర్పు తప్ప ఏమీ ఉండదు. ఓఎస్, కంపైలర్, సీమేక్ వెర్షన్లు, కొట్టిన కమాండ్, పూర్తి లాగ్ ఫైలు పంపండి. కాన్ఫిగ్.లాగ్ పైభాగంలో మీ మెషీన్ పేరు, మీ పాత్, దానితోపాటు మీ యూజర్ పేరు కూడా ఉంటాయి. అందరికీ కనిపించే చోట పెట్టేముందు ఆ నాలుగు లైన్లు చూసి తుడిచేయండి.